శంకు, శంఖం, కోన్, కోంక్

ఈరోజు షాపులో పెద్ద రద్దీ లేదు. పదకొండు దాటాక అనకాపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇల్లు మొదలుపెడుతున్నారట, పత్రికలు వేయించాలట. మేటరు నోటుబుక్కు కాగితం మీద తనే రాసుకొచ్చారు. పైన పెద్దక్షరాల్లో 'శంఖుస్థాపన ఆహ్వానం' అని ఉంది. టైపు చేసేటప్పుడు నేను 'శంకుస్థాపన' అని కొట్టి ప్రూఫ్ చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "బాబూ, ఇక్కడ ఒత్తు పడలేదు" అన్నారు.

"ఒత్తు ఉండదు మాస్టారూ. అది శంకు. శంకు అంటే మేకు."

"శంఖం మంగళకరం కదా? పూజలో ఊదుతారు కూడాను."

ఈ మాట నాతో చాలామంది అన్నారు. బ్యానర్ల మీద, శిలాఫలకాల మీద కూడా 'ఖు' కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఓపిగ్గా చెప్పాను. సంస్కృతంలో శంకువు అంటే కొన దేలిన కొయ్యమేకు. నేలలో దాన్ని దిగ్గొట్టి కట్టడం మొదలుపెడతారు కాబట్టి శంకుస్థాపన. పూర్వం ఎండలో 12 అంగుళాల (ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు) శంకువును నిలబెట్టి, దాని నీడ కొలిచి పొద్దు లెక్కగట్టేవారు. అడుగున వెడల్పుగా ఉండి పైకి పోనుపోను సన్నబడే ఆకారానికి మన లెక్కల పుస్తకాల్లో శంకువు అనే పేరు కూడా ఆ మేకు నుంచి వచ్చిందే.

పెద్దాయన కాసేపు ఆలోచించి, "ఔను బాబూ, మొన్న మా మేస్త్రీ నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టాడు. అయితే అలాగే ఉంచీ" అన్నారు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఒక ఇంటి పత్రిక మీదైనా ఆ మాట తన అసలు రూపంలో అచ్చవుతుంది.

లేస్తూ లేస్తూ నా టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న గుల్లను చేతిలోకి తీసుకుని, "ఇదైతే శంఖమేనా?" అని అడిగారు. కాదండి, ఇదే అసలైన శంకు అన్నాను. దాంతో ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

ఆ గుల్ల బీచ్ రోడ్డులో కొన్నది. కోనస్ టెక్స్‌టైల్ అనే జాతి. బంగారు గోధుమ రంగు మీద తెల్లటి త్రికోణాలు, పెద్దవీ చిన్నవీ, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో సన్నటి గోధుమ గీతలు నిలువుగా అలలు తిరుగుతాయి. బట్ట మీద నేతలా ఉందని ఆ పేరు పెట్టారు. నోరు మాత్రం ఒక వైపున పొడుగ్గా సన్నటి చీలిక, అంతే. 1758లో జీవశాస్త్రవేత్త లినేయస్ ఈ నత్తలన్నిటికీ కోనస్, అంటే శంకువు, అని పేరు పెట్టాడు. అందుకే ఇవి శంకు నత్తలు. ఇప్పటికి తెలిసిన జాతులు ఎనిమిది వందలకు పైమాటే.

ఈ నత్త వేట గురించి చెబితే పెద్దాయన నమ్మలేదు. దీని పన్ను లోపల బోలుగా ఉండే బాణం. పొడవాటి తొండం చివర దాన్ని ఎక్కించుకుని, ఎర దగ్గరికి రాగానే విషంతో సహా విసురుతుంది. కొన్ని జాతులు పురుగుల్ని తింటాయి, కొన్ని తోటి నత్తల్ని, కొన్ని చేపల్ని. నత్త చేపను పట్టడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కోనస్ జియోగ్రాఫస్ అనే జాతి నీళ్లలోకి ఇన్సులిన్ వదులుతుంది. చేపకు షుగర్ పడిపోయి ఈత మందగిస్తుంది. అప్పుడు నోరు వలలా తెరిచి మింగేస్తుంది. 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించిన సంగతి ఇది. ఆ ఇన్సులిన్ నత్త తన ఒంటికి వాడుకునేదానిలా కాకుండా చేపల ఇన్సులిన్‌లా ఉంటుందట. పోలికను ఆయుధంగా వాడుకునే జీవి! ఆ జాతి కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో పెట్టి, విషం ప్రభావం తగ్గేదాకా ఊపిరి నిలబెట్టడమే వైద్యం.

మందు కూడా ఈ కుటుంబం నుంచే వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన బాల్డొమెరో ఒలివేరా అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఈ విషాలనే జీవితమంతా పరిశోధించారు. కోనస్ మేగస్ విషంలో ఆయన బృందానికి దొరికిన ఒక పదార్థం జికోనోటైడ్ అనే మందు అయింది. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. మార్ఫిన్ కూడా పనిచేయని తీవ్రమైన నొప్పికి వెన్నెముక ద్రవంలోకి పంపుతో ఎక్కిస్తారు. మన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో పి. బలరాం గారి బృందం కూడా ఇక్కడి సముద్రాల శంకు నత్తల విషాల మీద పనిచేసింది.

అచ్చుపని చేసేవాణ్ని కాబట్టి ఒకటి రాయకుండా ఉండలేను. 1650లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఒక శంకు గుల్లను రాగిరేకు మీద గీసి అచ్చువేశాడు. సంతకం అచ్చులో సరిగ్గా వచ్చేలా రేకు మీద తిరగేసి చెక్కాడు, గుల్లను మాత్రం కళ్లకు కనబడ్డట్టే గీశాడు. దాంతో కుడికి తిరగాల్సిన గుల్ల చుట్టు కాగితం మీద ఎడమకు తిరిగింది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా రేకు మీద వంగి పనిచేస్తున్న ఆయన చెయ్యి కనిపిస్తుంది నాకు.

పెద్దాయన వెళ్లాక మధ్యాహ్నమంతా మనసు మాటల మీదే ఉంది. మన దగ్గర శంకు, శంఖం. ఇంగ్లీషులో కోన్, కోంక్. అక్కడా ఇక్కడా అవే రెండు వస్తువులు, అక్కడా ఇక్కడా వినడానికి అన్నదమ్ముల్లాంటి పేర్లు. కానీ శంకుకీ శంఖానికీ చుట్టరికం లేదు. కోన్‌కీ కోంక్‌కీ లేదు. ఉన్నది అడ్డంగా, సముద్రం దాటి. కోంక్ గ్రీకులో కోంఖే. మన శంఖం, ఆ కోంఖే ఒకే మూలం నుంచి వచ్చాయని నిఘంటువులు చెబుతాయి. సంస్కృతంలో 'శ' ఉన్నచోట గ్రీకు, లాటిన్లలో 'క' ఉండటం మామూలే. మన దశ గ్రీకులో డెక, మన శతం లాటిన్లో కెంటుమ్. చెవికి దూరంగా వినిపించేవే ఇక్కడ రక్తసంబంధీకులు. పైగా మన శంఖమే పోర్చుగీసు వాళ్ల నోట 'చాంకో' అయి, ఇంగ్లీషులోకి 'చాంక్'గా వెళ్లింది. ఇంగ్లీషు సముద్రపు మాటల్లో చాంక్, కోంక్ పక్కపక్కనే ఉన్నాయి, ఒకే ఇంటి పిల్లలు వేరువేరు దారుల్లో వచ్చి కలిసినట్టు.

మరి కోన్‌కి మన దగ్గర బంధువులెవరు? కోణం అనబుద్ధేస్తుంది, చెవి అటే లాగుతుంది. కోన్‌కి మూలం గ్రీకు కోనోస్. పదును అనే అర్థమున్న ధాతువు దానికి మూలమని కొందరు పండితుల అభిప్రాయం. అదే ధాతువు నుంచి సంస్కృతంలో శాణం వచ్చిందంటారు. ఆ శాణమే తెలుగులో సాన! కత్తికి పట్టే సాన, అమ్మ గంధం తీసే సాన. మళ్లీ అదే 'క', అదే 'శ'. ఇది మొదటిసారి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చెవి ప్రతిసారీ మోసం చేస్తుందని కూడా అనలేం. కేంద్రం అనే మాట గ్రీకు కెంట్రోన్ నుంచి జ్యోతిషంతో పాటు మనకు వచ్చింది. వినగానే తెలిసిపోతుంది. అరువు మాట గనక పోలిక చెరిగిపోలేదు. కెంట్రోన్ అంటే ముల్లు, తేనెటీగ కొండి. మన తలకోనలో కోన అంటే లోయ, హవాయి దీవుల్లో కోన అంటే గాలి తగలని వైపు. వీటికి మాత్రం ఏ సంబంధమూ లేదు. హవాయి మాటకు చుట్టం టోంగా దేశం పేరు.

రాత్రి మేనల్లుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఫోన్ చేశాడు. మన శ్రీకాకుళం, విశాఖల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు చాలామంది. వాడు ఉద్యోగానికి వెళ్లాడు. ఆదివారం ఆటు సమయంలో పగడపు దిబ్బల మీద నడవబోతున్నాడట, శంఖాలు ఏరుకొస్తానన్నాడు. పొద్దుటి నుంచీ ఇదే ఆలోచనలో ఉన్నానేమో, వాడికి గట్టిగానే చెప్పాను. పసిఫిక్ తీరాల్లో స్ట్రాబెర్రీ కోంక్ అనే ఒక నత్త ఉంది, నాచు మేస్తుంది, జనం వండుకు తింటారు. పైకి చూస్తే అచ్చం శంకు నత్తే. అలాంటి పోలికల దగ్గర కొత్తవాళ్లకు తేడా తెలియదు. నోరు సన్నటి చీలికలా ఉండి, గుల్ల శంకువులా ఉంటే, లోపల ప్రాణం ఉన్నా లేకపోయినా ముట్టుకోవద్దు. వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదని ఎవరైనా చెప్పినా వినొద్దు, ఆ తొండం అక్కడిదాకా సాగుతుంది. జేబులో అసలే వేసుకోవద్దు.

"సరే మావయ్యా, ఫొటోలు తీసి పంపుతాను. ఏది శంకో ఏది శంఖమో నువ్వే చెప్పు" అన్నాడు.