కాగితంలోంచి లేచిన చెట్టు

జపాన్ ఆర్టిస్ట్ కత్సుమి కొమగాత పుస్తకాలు నిన్న ఫ్రెండ్ వాళ్ళింట్లో తనివితీరా చూశాను. ఆ మైకం ఇంకా దిగలేదు.

ముందు 'లిటిల్ ఐస్'. కూతురు పుట్టాక, ఆ పసికళ్ళకి ఏం ఆనుతుందో గమనిస్తూ ఆయన 1990లో మొదలుపెట్టిన సిరీస్. కుట్టు, బైండింగ్ ఉండవు, మడతపెట్టిన కార్డులంతే. మొదటి సెట్‌లో ప్రధానంగా నలుపు, తెలుపే. నెలల పిల్లల చూపు ముందుగా పట్టుకునేది ఆ తేడానే కదా. మడత విప్పగానే ఆకారం మారిపోతుంది. ఫ్రెండ్ కూతురు కాళ్ళూ చేతులూ ఆడించడం మానేసి మరీ చూసింది.

కానీ నా మనసు దోచింది మాత్రం 'లిటిల్ ట్రీ'. తెల్లటి పేజీ మధ్యలోంచి బుల్లి కాగితపు మొక్క లేచి నిలబడుతుంది. తిప్పేకొద్దీ పెరుగుతుంది, ఆకులేస్తుంది, రంగు మారుతుంది, మోడవుతుంది. మాటలు బహు తక్కువ. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే చెట్టు నీడ పేజీ మీద పడింది! పుస్తకం కాస్త తిప్పితే నీడా జరిగింది. అచ్చులో లేని బొమ్మ అది.

మన పిల్లల పుస్తకాల్లో చాలావాటికి అంగుళం ఖాళీ ఉన్నా తోచదు, రంగులు కుమ్మరించేస్తారు. ఈయన ఖాళీని నమ్మారు. కాగితం మందాన్నీ గరుకుదనాన్నీ కూడా కథలో కలిపేశారు. చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి చదువుకునే పుస్తకాలూ చేశారు. 2024లో పోయారు.

ఆయన పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఒక పూట వచ్చి చూసుకుని వెళ్తాను.