గోడ నుంచి గోడకి

ఒలింపిక్ పోటీల ఈతకొలను పొడవు 50 మీటర్లని అందరికీ తెలుసు. మేం కట్టిన కొలనులో మాత్రం గోడల మధ్య 50.02 కన్నా కాస్త ఎక్కువే ఉంచాం. రెండు చివర్లా టైమింగ్ టచ్ ప్యాడ్లు (ఈతగాడి చెయ్యి తగలగానే టైము నమోదు చేసే పలకలు) వస్తాయి, ఒక్కోటి సెంటీమీటరు మందం. అవి బిగించాక ఏ లేన్‌లోనూ 50 కి తగ్గకూడదు. అదీ నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల పైనుంచి 80 సెంటీమీటర్ల కింద దాకా, ప్రతిచోటా.

ఏడో లేన్‌లో ఒక టైలు కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. కంటికి కనపడదు, బొటనవేలితో రాస్తే గోరుకి తగిలింది. టైల్స్ మేస్త్రి మారుమాట లేకుండా ఉలి తీసి ఆ వరసంతా ఊడగొట్టాడు. ఆ రాత్రంతా నాకు ఒకటే టెన్షన్.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 400 మీటర్ల మెడ్లేలో (నాలుగు రకాల ఈతలూ కలిసిన పందెం) స్వర్ణం సెకనులో వెయ్యింట రెండు వంతుల తేడాతో తేలింది. ఆ వ్యవధిలో ఈతగాడు కదిలేది మూడు, నాలుగు మిల్లీమీటర్లే. అంత ఖచ్చితంగా గోడ కట్టడం ఎవరివల్లా కాదు. తర్వాత టైము లెక్కని సెకనులో వందో వంతుతోనే సరిపెట్టారు, అది న్యాయమే.

లోతు, ఓవర్‌ఫ్లో కాలువల సంగతి మరోసారి రాస్తాను. తెల్లారి మళ్లీ కొలిస్తే ఏడో లేన్ సరిపోయింది.