బి12 లోపమూ, నా దిగులూ

మా వారు పోయిన తరువాత నేను నీచు మానేశాను. విజయనగరంలో మా బంధువర్గంలో సంవత్సరీకాలు ముగిసేవరకు ఇంటి ఇల్లాలు చేప, మాంసం ముట్టకపోవడం ఎవరూ చెప్పనక్కరలేని నియమం. నేను గుడ్డు కూడా మానేశాను. పాలు తాగే అలవాటు ముందునుంచీ లేదు. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధికాక పగలు ఆవకాయ అన్నంతోను, రాత్రి పల్చటి మజ్జిగతోను సరిపెట్టుకొనేదాన్ని.

కొన్ని నెలలకు నాలో వచ్చిన మార్పును అందరూ దుఃఖమనే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చి కారణం లేకుండా ఏడుపు వచ్చేది. ఎన్నో ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన నేను దినపత్రికలో ఒక వార్తను చివరిదాకా చదవలేకపోయేదాన్ని. ఎదురుపడిన పాత విద్యార్థుల పేర్లు గుర్తుకు వచ్చేవి కావు. నాలుక మండేది, పాదాల్లో తిమ్మిర్లు ఉండేవి. మధుమేహం ఉన్నవారికి తిమ్మిర్లు మామూలే కనుక వాటిని ఎవరమూ పట్టించుకోలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా చెల్లి గుమ్మంలోనే ఆగిపోయి, “ఏటప్పా, ఇలాగైపోనావు? తిండి తింటన్నావా?” అని అడిగి, మరునాడే నన్ను మానసిక వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లింది.

ఆమె ఇచ్చిన మందుతో నిద్ర కుదురుకుంది, ఏడుపు తగ్గింది. మతిమరుపు, నిస్సత్తువ మాత్రం అలాగే ఉండిపోయాయి. రెండోసారి వెళ్లినప్పుడు ఆమె నా దుఃఖం గురించి కాక నా తిండి గురించి, నేను వాడే మాత్రల గురించి అడిగారు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్నానని, పరగడుపున గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటానని చెప్పగానే రక్తపరీక్ష రాశారు. రక్తంలో బి12 అనే విటమిన్ విలువ మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకన్నా తక్కువైతే లోపమే అంటారు; నాది 140 దగ్గర ఉంది. హీమోగ్లోబిన్ దాదాపు సరిగానే ఉంది. రక్తం బాగున్నంత మాత్రాన నరాలు బాగున్నట్లు కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె వివరించిన తీరు నాలోని ఉపాధ్యాయినికి ఎంతో నచ్చింది. ఆహారంలోని బి12 మాంసకృత్తులను అంటిపెట్టుకొని ఉంటుంది. దానిని విడదీయడానికి జఠరంలోని ఆమ్లం కావాలి. ఆ తరువాత అది జఠరంలోనే తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే మరో మాంసకృత్తితో జతపడి, చిన్నపేగు చివరి భాగంలో రక్తంలోకి చేరుతుంది. ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్ర మొదటి మెట్టు దగ్గర అడ్డుపడితే, మెట్‌ఫార్మిన్ చివరి మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. కాలేయంలోని నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది కనుక నీచు మానడం ఒక్కటే నన్ను ఇంత దెబ్బతీసి ఉండదు. అప్పటికే తరిగిపోతున్న నిల్వకు రాబడి కూడా ఆగిపోయింది. నరాలపై ఉండే మైలిన్ పొర నిలవడానికి, మెదడులో సెరటోనిన్, డోపమైన్ వంటి రసాయనాలకు సంబంధించిన చర్యలు సాగడానికి ఈ విటమిన్ అవసరం.

మా చెల్లి చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, ఉలవలు మొదలుపెట్టింది. చోళ్లలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది, ఆకుకూరల్లో ఫోలేట్ అనే మరో బి విటమిన్ ఉంటుంది, కాని వాటిలో దేనిలోనూ బి12 ఉండదు. దుకాణంలో ఎవరో సలహా ఇచ్చారని ఫోలేట్‌కు కృత్రిమ రూపమైన ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా తెచ్చింది. వైద్యురాలు బి12 లేకుండా వాటిని వాడవద్దన్నారు. అవి రక్తహీనతను సరిచేసి, లోపల నరాలకు జరుగుతున్న హానిని కప్పిపుచ్చగలవు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతి పిల్లలకు ఎంతో గర్వంగా చెప్పేదాన్ని. ఆయన కన్నుమూసిన 1948లోనే శాస్త్రజ్ఞులు బి12ను వేరుచేశారు. ఈ రెండు విటమిన్లూ ఇంత దగ్గరివై ఉండి కూడా ఒకదాని పనిని మరొకటి పూర్తిగా చేయలేవు.

మొదట వెయ్యి మైక్రోగ్రాముల సూదిమందు రోజు విడిచి రోజు, తరువాత వారానికొకటి, ఆపై నెలకొకటి వేశారు. ముందుగా నాలుక మంట తగ్గింది, తరువాత చదువు మీద ధ్యాస నిలిచింది. ఇంటిపెద్దలు సమ్మతించడంతో గుడ్డు, పాలు, ఆపై కవళ్ల చేపల పులుసు తిరిగి మొదలుపెట్టాను. అయితే మనసుకు వేసిన మందును నేను ఆపలేదు. సూదిమందుతోనే దిగులు పోయిందని చెప్పడం సత్యం కాదు, ఇతరులకు ప్రమాదం కూడా. దిగులు ఆకలిని చంపింది, తిండి తగ్గడంతో దిగులు మరింత బలపడింది. రెండింటికీ ఒకేసారి వైద్యం జరగబట్టే నేను లేచి తిరగగలిగాను. వైద్యురాలు ఆ మందును చాలాకాలం తరువాత, మెల్లగా తగ్గిస్తూ మాన్పించారు.

కాలి బొటనవేళ్లలో కొంత మొద్దుబారడం ఇంకా ఉంది. ఆలస్యంగా బయటపడిన లోపంలో అది పూర్తిగా పోకపోవచ్చునని చెప్పారు. చక్కెర అదుపులో ఉండాలి కనుక మెట్‌ఫార్మిన్ కొనసాగుతోంది. గ్యాస్ మాత్రను అవసరమైనప్పుడు మాత్రమే వేసుకుంటున్నాను. సూదిమందు స్థానంలో ఇప్పుడు బి12 మాత్ర వాడుతున్నాను, ఏడాదికొకసారి బి12 పరీక్ష చేయించుకుంటున్నాను.