వీపీఎన్ కనెక్ట్ అయింది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోలేదు: నా అనుభవం

ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను పీడించిన సమస్య ఇవాళ తీరింది. ఒళ్ళుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. ఇదే బాధ పడుతూ, "మీ నెట్ బాగాలేదు" అన్న మాట నమ్మేసినవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు.

మొదటి భాగం సాఫీగానే జరిగింది. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఎక్కింది, పాస్‌వర్డ్ తీసుకుంది. ఫోన్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్ తప్పని చూపిస్తుంటే ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆ కోడ్ గడియారాన్ని బట్టే తయారవుతుంది.

తర్వాత పచ్చగుర్తు వచ్చింది, 'కనెక్టెడ్' అని. ఆఫీసు మెయిల్ తెరుచుకుంది, లీవు పెట్టుకునే పేజీ తెరుచుకుంది. నా పనంతా ఉండే షేర్డ్ ఫోల్డర్ మాత్రం నొక్కితే కాసేపు గిర్రున తిరిగి, దారి దొరకలేదని మెసేజ్ ఇచ్చేది.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయమన్నారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేయమన్నారు. స్పీడ్ టెస్ట్ చేయించారు. చివరికి కాల్‌లో మా మేనేజర్ కూడా ఉండగా, నా స్క్రీన్ అందరికీ కనబడుతుండగా, ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించమన్నారు. వెంటనే ఫోల్డర్ తెరుచుకుంది. "చూశారా మేడమ్, మీ ఇంటి నెట్ ప్రాబ్లమే. మిగతా అందరికీ బాగానే వస్తోంది" అన్నాడు అవతలి మనిషి. "అయితే నెట్ మార్చుకోండి, లేదా రోజూ ఆఫీసుకే వచ్చేయండి" అన్నారు మేనేజర్. అందరి ముందు తల కొట్టేసినట్టయింది. అదే నెట్ మీద అంతసేపూ వీడియో కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. నెట్ బాగాలేకపోతే మెయిల్ ఎలా వస్తోందని అడిగితే జవాబు లేదు.

ఆ రాత్రి పట్టుదలగా కూర్చున్నాను. కమాండ్ విండో తెరిచి, ఆ ఫోల్డర్ ఉండే ఫైల్ సర్వర్ పేరుకు పింగ్ (అవతలి మెషీన్ అందుతోందో లేదో చూసే కమాండ్) కొట్టాను. దాని అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, 192.168.1.20 అని వచ్చింది. కింద, గమ్యం అందుబాటులో లేదన్న జవాబు. ఆ జవాబు ఎవరిచ్చారా అని చూస్తే 192.168.1.7. ఎవరిదీ అడ్రస్? ఐపీకాన్ఫిగ్ అని కొట్టి చూస్తే నా లాప్‌టాప్‌దే! అంటే నేను అడిగినది ఆఫీసు దాకా పోనేలేదు. నా మెషీనే వెతికి, దొరకలేదని నాకే చెప్పింది.

అసలు సంగతి ఇది. మా ఇంటి రౌటర్ ఇచ్చే అడ్రస్‌లన్నీ 192.168.1 తో మొదలవుతాయి. ఆఫీసు ఫైల్ సర్వర్ అడ్రస్ కూడా అలాగే మొదలవుతుంది. రెండు వీధుల్లో ఒకే డోర్ నంబరు ఉంటే ఉత్తరం దగ్గరి ఇంటికే పోయినట్టు, ఆ సర్వర్ ఇంట్లోనే ఉందనుకుని లాప్‌టాప్ ఇల్లంతా వెతికింది, వీపీఎన్ దారిలోకి పంపనేలేదు. మెయిల్ సర్వర్ అడ్రస్ 10 తో మొదలవుతుంది కాబట్టి దానికి గొడవ రాలేదు. హాట్‌స్పాట్ వేరే వరుసలో అడ్రస్ ఇచ్చింది కాబట్టి దాని మీద అన్నీ వచ్చాయి. పచ్చగుర్తు వచ్చిందంటే దారి వేసినట్టే, మన డేటా ఆ దారినే పోతుందని కాదు.

నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. ఇళ్ళలో, ఆఫీసుల్లో లోపల వాడుకునే ప్రైవేట్ అడ్రస్‌ల గురించి 1996లోనే ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం వచ్చింది. రేపు రెండు నెట్‌వర్క్‌లను కలపాల్సివస్తే అడ్రస్‌లు ఢీకొంటాయి, అందుకని ఏదో ఒక వరుసను యాదృచ్ఛికంగా ఎంచుకోండని అందులో గట్టిగా చెప్పారు. చాలా ఇంటి రౌటర్లు ఫ్యాక్టరీ నుంచి 192.168.0 లేదా 192.168.1 తోనే వస్తాయని ఆఫీసు నెట్‌వర్క్ పెట్టినవాళ్ళకు తెలియదా? తెలిసీ అదే పెట్టి, ఆ నింద ఇంట్లో కూర్చున్నవాళ్ళ మీద వేయడం అన్యాయం.

మందు చిన్నదే. రౌటర్ సెట్టింగ్స్‌లో లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) విభాగానికి వెళ్ళి రౌటర్ అడ్రస్ 192.168.1.1 ని 192.168.73.1 చేశాను. సేవ్ చేయగానే పాత పేజీ ఆగిపోతుంది, కంగారు పడకండి, కొత్త అడ్రస్ కొట్టండి. డీహెచ్‌సీపీ వరుస (ఇంట్లోని మెషీన్లకు రౌటర్ పంచే అడ్రస్‌లు) కూడా మారిందో లేదో చూడండి, కొన్ని రౌటర్లలో మనమే మార్చాలి. ప్రింటర్‌కి స్థిరమైన అడ్రస్ ఇచ్చి ఉంటే అదీ మార్చుకోవాలి. 10 తో మొదలయ్యేవి పెట్టుకోకండి, ఆఫీసులు వాటిని విరివిగా వాడతాయి. ఎవరైనా "వీపీఎన్ ఎందుకు, ఆఫీసు మెషీన్‌కి 3389 పోర్ట్ బయటికి తెరిచేస్తే సరి" అంటే వినకండి. అది దూరం నుంచి మెషీన్‌ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారం, బయటికి కనబడితే పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు వచ్చి మీద పడతాయి.

మళ్ళీ కనెక్ట్ చేశాను. ఫోల్డర్ వెంటనే తెరుచుకుంది. మా టీమ్‌లో ఇంకొకావిడకి ఇదే బాధ ఉంటే ఫోన్‌లోనే సరిచేయించాను, హెల్ప్‌డెస్క్ చేయలేనిది నేను చేశానని గర్వంగానే చెబుతున్నాను.

హెల్ప్‌డెస్క్‌లో నా ఫిర్యాదు టికెట్‌ని మాత్రం 'యూజర్ ఇంటి ఇంటర్నెట్ సమస్య' అని రాసి మూసేశారు. పింగ్ ఫలితం జతచేసి, మేనేజర్‌ని కాపీలో పెట్టి, కారణం సరిగ్గా రాసి మూయమని మళ్ళీ తెరిపించాను.