కాలనీ లైబ్రరీ యాప్: కాగితం దాటి ఫోన్‌లోకి

కాగితపు నమూనాతో పరీక్షలు అయిపోయాయి. ఫిగ్మాలో (స్క్రీన్ల డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) చేసిన నమూనా ఫోన్‌లో నడుస్తోంది, ఐదుగురితో మొదటి విడత కూడా పూర్తయింది. యాప్‌లో మూడే పనులు: పుస్తకం వెతకడం, తీసుకోవడం, గడువు పెంచుకోవడం.

కాగితం దశను దాటేయొద్దు. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక స్క్రీన్, అదే కార్డు. ఎదుటివారు వేలు పెట్టిన చోటును బట్టి మనం తర్వాతి కార్డు పెడతాం. పెన్సిల్ గీతల్ని చూస్తే ఎవరైనా మొహమాటపడకుండా తప్పులు చెబుతారు. ఇబ్బందల్లా కార్డులు మార్చేవారి చేతితోనే. తర్వాతి కార్డు వైపు చెయ్యి ముందే కదిలితే జవాబు తెలిసిపోతుంది. అందుకే కార్డుల కట్ట ఒళ్లో ఉండాలి. తప్పు చోట వేలు పెడితే చూపించడానికి ‘ఇక్కడ ఏమీ లేదు’ అన్న కార్డు కూడా ఒకటి కావాలి.

ఫిగ్మాలో ఫ్రేమ్ (స్క్రీన్ చట్రం) 360×800, ఫాంట్ నోటో సాన్స్ తెలుగు, అక్షరం 16, వరుస ఎత్తు 28. ఇంగ్లిష్‌కు సరిపోయే 20 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటలు పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది. ఆండ్రాయిడ్ సూచించే కనీస కొలత ప్రకారం బటన్ల ఎత్తు 48.

పరీక్షకు ముందు ఫిగ్మాలోని ‘హాట్‌స్పాట్ హింట్స్’ సెట్టింగ్ తప్పకుండా ఆపాలి. లేకపోతే పనిచేయని చోట తాకగానే, ఎక్కడ నొక్కాలో ఫిగ్మాయే నీలిరంగులో మెరిపించి చూపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఫలితం దేనికీ పనికిరాదు. మామూలు నమూనాలో సెర్చ్ పెట్టెలో టైప్ చేయడం కుదరదు కాబట్టి, వెతికే పనిని విడిగా ఒక చిన్న వెబ్ పేజీలో పరీక్షించాలి. తెలుగు కీబోర్డు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, మైకు: మూడింటికీ అక్కడ చోటుండాలి.

రికార్డింగ్‌కు ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy, ఆండ్రాయిడ్ ఫోన్ స్క్రీన్‌ను లాప్‌టాప్‌లో చూపించే సాఫ్ట్‌వేర్) చాలు, ఉచితం. ఫోన్ డెవలపర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ డీబగ్గింగ్, ‘షో టచెస్’ రెండూ ఆన్ చేస్తే వేలు ఎక్కడ ఆగిందో లాప్‌టాప్‌లో కనిపిస్తుంది. ముందు అనుమతి అడగాలి, నోటిఫికేషన్లు ఆపాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ప్రశ్న రాయడంలో పెట్టాలి. బటన్ మీద ‘గడువు పెంచు’ అని ఉంటే ప్రశ్నలో ‘గడువు’ అన్న మాటే రాకూడదు. ‘పుస్తకం రేపు ఇచ్చేయాలి, ఇంకా సగమే చదివారు. ఏం చేస్తారు?’ అని అడగాలి. పరీక్షలో ఉన్నవారు ‘ఇది నొక్కాలా అండీ?’ అంటే, ‘పక్కన నేను లేకపోతే ఏం చేసేవారు?’ అని అడిగి ఊరుకోవాలి. పెద్దవాళ్లు మర్యాదకు ‘బాగుంది బాబూ’ అంటారు. ఆ మాట రాసుకోనక్కర్లేదు, వేలు తటపటాయించిన చోటు రాసుకోవాలి.

ఈ విడతలో చాలామంది గడువు పెంచడం కోసం ‘నా పుస్తకాలు’లోకి వెళ్లారు. మొదటి పేజీలో ఉన్న ‘గడువు పెంచు’ బటన్ ఇప్పుడు అక్కడికి మారింది.

ఇలాంటి పరీక్షకు ఐదుగురు చాలన్నది 2000లో వాడుక పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ రాసిన మాట. ఒక్కొక్కరికి సగటున 31 శాతం లోపాలు తగిలితే ఐదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయన్నది ఆయన లెక్క. అది ఒకే తరహా వాడకందారులకు వర్తిస్తుంది. బడిపిల్లలు, రిటైరైనవాళ్లు ఇద్దరూ వచ్చే లైబ్రరీకి రెండు గుంపులు వేరువేరుగా కావాలి. మొదటి విడతలో అందరూ పెద్దవాళ్లే, రెండో విడత పిల్లలతో.