టైప్ 4 కొల్లాజెన్ యాంటీబాడీతో స్లైడు మీద గీత తేలేదాకా: నా అనుభవం

నోటి పాథాలజీలో పీజీ చేస్తూ నేను థీసిస్‌కు ఎంచుకున్న ప్రశ్న చూడటానికి చిన్నదే. బుగ్గ లోపలి తెల్లమచ్చ క్యాన్సర్‌గా మారే దారిలో, పైపొర కింద ఉండే ఆధార త్వచం ఎక్కడ పలచబడుతుంది, ఎక్కడ తెగుతుంది? పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో చుట్ట, ఖైనీ, గుట్కా అలవాట్ల వల్ల తెల్లమచ్చతోనో, మానని పుండుతోనో వచ్చేవారు దంతవైద్యుల ఓపీలకు కొత్త కాదు కనుక, పాత బయాప్సీ బ్లాకులకు, అంటే పారఫిన్ మైనంలో భద్రపరచిన కణజాలపు ముక్కలకు, కొరత లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా సాఫీగానే వచ్చింది. అసలు పని యాంటీబాడీ దగ్గర, అంటే ఒక ప్రోటీన్‌ను వెతికి పట్టుకుని అంటుకునే పదార్థం దగ్గర, మొదలైంది.

ఆధార త్వచం మందం నానోమీటర్లలో ఉంటుంది. రోజూ వాడే హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగుల్లో అది విడిగా కనబడదు. చక్కెర పదార్థాలకు పట్టే పాస్ స్టెయిన్‌లో గులాబీ గీతలా తేలుతుంది గాని, ఆ రంగు గ్లైకోజెన్‌కూ పడుతుంది కాబట్టి గీత తెగిందని నమ్మకంగా చెప్పడానికి అది చాలదు. త్వచంలో ఉన్న ఒక ప్రోటీన్‌నే పట్టి చూపాలంటే లామినిన్ గాని, టైప్ 4 కొల్లాజెన్ గాని తీసుకోవాలి. నేను రెండోది తీసుకున్నాను. టైప్ 4 కొల్లాజెన్‌కు ఆరు రకాల ఆల్ఫా గొలుసులున్నాయి. అవి మూడేసి చొప్పున పేనుకుని మూడు రకాల ముప్పేటలవుతాయి. వాటిలో రెండు ఆల్ఫా 1, ఒక ఆల్ఫా 2 కలిసినది దాదాపు అన్ని ఆధార త్వచాల్లోనూ, రక్తనాళాల చుట్టూ కూడా ఉంటుంది. ఆల్పోర్ట్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు కోసం మూత్రపిండాల నిపుణులు చూసే ఆల్ఫా 3, 4, 5 గొలుసుల యాంటీబాడీలు వేరు. కేటలాగులో అన్నీ ‘కొల్లాజెన్ 4’ పేరు కిందే వరుసగా కనబడతాయి కనుక, ఏ గొలుసుకు తయారైందో చూడకుండా ఆర్డరు పెట్టకూడదు.

డేటాషీట్ చదవడానికి నేను వెచ్చించిన సమయం వృథా కాలేదు. వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను కణజాలం నుంచి బయటికి తీసి చూసే పరీక్షలో, చక్కగా పనిచేసే యాంటీబాడీ పారఫిన్ బ్లాకు మీద పనిచేస్తుందన్న హామీ లేదు. అక్కడ ప్రోటీన్ విప్పారిన స్థితిలో ఉంటుంది, ఇక్కడ కణజాలాన్ని భద్రపరిచే ఫార్మలిన్ దాన్ని పొరుగు ప్రోటీన్లతో ముడివేసి ఉంచుతుంది. కొన్ని క్లోన్లు (ఒకే కణవంశం నుంచి తయారైన యాంటీబాడీలు) ఫ్రోజెన్ సెక్షన్‌కే, అంటే గడ్డకట్టించి కోసిన పలచటి ముక్కకే, పరిమితమని రాసి ఉంటుంది. నోటి పైపొర కింది బంధన కణజాలం నిండా టైప్ 1, టైప్ 3 కొల్లాజెన్లే కాబట్టి, వాటితో కాస్త చుట్టరికం కలుపుకునే పాలీక్లోనల్ (పలు యాంటీబాడీల మిశ్రమం) వచ్చిందంటే, యాంటీబాడీ చేరిన చోట తేలే గోధుమరంగు స్లైడంతా పరుచుకుని గీత అందులో మునిగిపోతుంది. అందుకే మనిషి కణజాలంలో, పారఫిన్ సెక్షన్ల మీద పరీక్షించినట్టు రాసి ఉన్న ఎలుక మోనోక్లోనల్‌నే (ఒకే క్లోన్ నుంచి వచ్చినదాన్నే) ఎంచుకున్నాను. 100 మైక్రోలీటర్ల సీసా, చూస్తే అడుగున తడి తప్ప ఏమీ లేనట్టే ఉంటుంది. 1:100కి పలచన చేస్తే 10 మిల్లీలీటర్లు. సెక్షనుకు 100 మైక్రోలీటర్ల చొప్పున వందకు సరిపోతుంది. స్టైపెండు మీద బతికేవారికి ఈ లెక్క ముందే కట్టుకోవడం అవసరం.

ఆర్డరు చేసింది ఎండాకాలంలో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ప్రాంతానికి చల్లటి సరుకు తెప్పించుకోవడం ఒక పరీక్షే. వారాంతంలో పార్సిల్ ఎక్కడా ఆగిపోకుండా వారం మొదట్లోనే పంపమని సరఫరాదారుని కోరాం. థర్మోకోల్ పెట్టె విప్పేసరికి జెల్ ప్యాకులు మెత్తబడినా చల్లదనం ఉంది. మా టెక్నీషియన్ గారు సీసాను సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పి, మూతకు అంటిన చుక్కను కూడా కిందికి దించి, చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచి మిగతావి మైనస్ 20లో పెట్టారు. పదేపదే గడ్డకట్టి కరిగితే యాంటీబాడీ దెబ్బతింటుంది.

ఫార్మలిన్ వేసిన ముడులు సడలి యాంటీబాడీకి దారి దొరకడానికి, మొదట సిట్రేట్ బఫర్, పీహెచ్ 6లో వేడిచేసే పద్ధతితో మొదలుపెట్టాం. చాలా యాంటీబాడీలకు అదే నడుస్తుంది, డేటాషీట్‌లోనూ ఒక మార్గంగా ఉంది. స్లైడు మీద ఏమీ రాలేదు. నేను పైపొర కింద వెతుకుతూ, గీత తెగిపోయిందేమో అన్న ఆలోచనలో ఉండగా టెక్నీషియన్ గారు, “డాక్టర్ గారూ, ముందు రక్తనాళం చూడండి. దానికే పట్టకపోతే మిగతాది చూడనక్కర్లేదండి,” అన్నారు. నిజానికి ఈ పరీక్ష మొత్తానికి ఆయువుపట్టు అదే. ప్రతి సెక్షన్‌లోనూ కేశనాళికలుంటాయి, వాటి చుట్టూ టైప్ 4 కొల్లాజెన్ ఉంటుంది. అది గోధుమరంగులో ఉంగరంలా కనబడ్డాకే పైపొర కింద గీత లేకపోవడానికి అర్థం ఉంటుంది. మా స్లైడులో ఉంగరాలూ లేవు. అంటే గీత రాకపోవడానికి కారణం త్వచం తెగడం కాదు, యాంటీబాడీ చేరకపోవడం.

వేడిని వదిలి, ప్రోటీన్లను అరిగించే ఎంజైమ్ పెప్సిన్‌కు మారాం. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పెప్సిన్ కలిపి, 37 డిగ్రీల దగ్గర స్లైడు మీద ఉంచితే, ఫార్మలిన్ ముడివేసిన చుట్టుపక్కల ప్రోటీన్లను అది కొరికి దారి ఇస్తుంది. కొల్లాజెన్ ముప్పేట మాత్రం పెప్సిన్‌కు అంత తేలిగ్గా లొంగదు. మావి (ప్లాసెంటా) నుంచి టైప్ 4 కొల్లాజెన్‌ను విడదీయడానికి పరిశోధకులు పెప్సిన్‌నే వాడారని చదివాక ఈ తర్కం నాకు నచ్చింది. అయితే ఫార్మలిన్‌లో ఎక్కువ కాలం నానిన పాత బ్లాకులకు చాలిన సమయం కొత్త బ్లాకులకు మితిమీరిపోయి, సెక్షన్ అంచులు లేచిపోయి, కణాలు చిల్లులు పడ్డట్టు కనబడ్డాయి. పాత వాటికీ కొత్త వాటికీ సమయం విడిగా తేల్చుకోక తప్పలేదు. ఆ తర్వాత 1:50 నుంచి 1:400 దాకా పలచన చేసి చూసి, ఉంగరాలు స్పష్టంగా ఉండి, బంధన కణజాలం శుభ్రంగా మిగిలిన పాళ్లనే ఖాయం చేశాం.

పుస్తకాల్లో పెద్దగా చెప్పని ఒక ఇబ్బంది మన రోగుల దగ్గర ఎదురవుతుంది. యాంటీబాడీ చేరిన చోటును చూపడానికి వాడే డీఏబీ అనే రసాయనం ఇచ్చే రంగు గోధుమ. మెలనిన్ రంగూ గోధుమే. మనవాళ్ల నోటి పైపొరలో మెలనిన్ సరిగ్గా అడుగు వరుస కణాల్లోనే, అంటే గీత రావలసిన చోటికి ఆనుకునే ఉంటుంది. 40 ఎక్స్‌లో నింపాదిగా చూస్తే మెలనిన్ కణం లోపల రేణువులుగా, కొల్లాజెన్ కణం కింద సాఫీ గీతగా కనబడతాయి గాని, మెలనిన్ దట్టంగా ఉన్న చోట కన్ను మోసపోతుంది. ప్రైమరీని, అంటే కొల్లాజెన్‌ను పట్టే యాంటీబాడీని, వేయకుండా, మిగతా దశలన్నీ చేసిన స్లైడును పక్కన పెట్టుకుని చూడటం వల్లే ఇది తేలింది. ఆ స్లైడులోనూ గోధుమరంగు ఉంటే అది కొల్లాజెన్ గీత కాదు. మరీ నల్లటి కేసులకు డీఏబీ బదులు ఎర్రరంగు ఇచ్చే ఏఈసీ అనే రసాయనం వాడాం. అది ఆల్కహాల్‌లో కరిగిపోతుంది కాబట్టి నీటి ఆధారిత మౌంటింగ్‌తోనే కవర్ స్లిప్ వేయాలి.

గీతలు రావడం మొదలయ్యాక ఒక సర్జన్ గారు, “ఈ కేసుకు కూడా వేసి, తెగిందో లేదో రిపోర్టులో రాసివ్వమ్మా,” అని అడిగారు. సీసా మీద పరిశోధనకు మాత్రమే అని ముద్రించి ఉంది. పైగా దట్టంగా వాపు కణాలు చేరిన చోట క్యాన్సర్ లేకపోయినా త్వచం తెగినట్టు కనబడుతుందని మా స్లైడుల్లోనే చూశాను. మర్యాదగా కాదన్నాను, ఆయనా అర్థం చేసుకున్నారు.

సీసా అయిపోయి అదే క్లోన్‌లో వేరే లాట్ (మరో విడత తయారీ) వచ్చినప్పుడు, పాత లాట్‌తో బాగా పట్టిన కంట్రోల్ బ్లాకు నుంచే సెక్షన్లు కోసి పలచన మళ్లీ మొదటి నుంచి చూశాం. పాళ్లు కొంచెం మారాయి. థీసిస్‌లో క్లోన్ పేరుతో పాటు రెండు లాట్ నంబర్లనూ, ఏ కేసు ఏ లాట్‌తో చేశామో కూడా రాశాను.