కొబ్బరి చెట్టు నీడ

జనవరి 18, ఆదివారం.

సంక్రాంతి సెలవులకు అమలాపురం దగ్గరున్న మా ఊరికి వచ్చిన నాకు, రేపు తిరుగు ప్రయాణమనగా ఈ ఉదయం అమ్మ ఒక పని అప్పగించింది. వంటింటి వెనక నాన్న నాటిన కొబ్బరి చెట్టు 1996 నవంబరు 6 నాటి తుపానును తట్టుకుని నిలిచింది కానీ, ఆ రాత్రి కోనసీమలో తోటలకు తోటలు కూలిపోవడం కళ్ళారా చూసిన అమ్మకు, గాలి కొంచెం ఎక్కువైనా ఆ చెట్టు మీదికే చూపు పోతుంది. "పడితే వంటింటి మీద పడుతుందా, పడదా? అదొక్కటీ తేల్చి వెళ్ళరా" అంది. చెట్టు మొదలు నుంచి గోడ వరకు టేపు పట్టి చూస్తే పన్నెండున్నర మీటర్లు వచ్చింది. ఇక తేలవలసింది చెట్టు ఎత్తు.

పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు, "ఎక్కించక్కర్లేదు మావయ్యా, నీడ కొలిస్తే చాలు" అంటూ సరూప త్రిభుజాల పాఠం గుర్తు చేసింది. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కనుక మా దొడ్డిలో చెట్టు మీదా, దాని పక్కన పాతిన కర్ర మీదా పడే కిరణాలు సమాంతరంగానే వస్తాయి. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది, అడ్డు వచ్చిన వస్తువును చుట్టి రాలేదు, కాబట్టి ఆ వస్తువు వెనక ఎండ తగలని మేర నీడ అవుతుంది. ఒకే వేళలో కర్రకూ దాని నీడకూ ఉన్న నిష్పత్తే చెట్టుకూ దాని నీడకూ ఉండి తీరాలి. సరుగుడు కర్ర ఒకటి తెచ్చి, నేలకు పైన సరిగ్గా ఒక మీటరు ఉండేలా పాతి, దారానికి రాయి కట్టి వేలాడదీసి అది నిటారుగా ఉందని సరిచూసుకున్నాము.

9 గంటల 40 నిమిషాలకు చెట్టు నీడ 18 మీటర్ల 40 సెంటీమీటర్లు ఉంది. తరువాత పాలవాడు రావడం, టేపు ముడి పడడం, అది విప్పుకోవడం జరిగి, కర్ర దగ్గరకు వచ్చేసరికి పది నిమిషాలు గడిచాయి. అప్పటికి కర్ర నీడ 123 సెంటీమీటర్లు. లెక్క వేస్తే చెట్టు ఎత్తు దాదాపు 15 మీటర్లని తేలింది. ఆ అంకె నాకు నచ్చలేదు, ఎందుకంటే ఉదయపు నీడ ఎంత వేగంగా కుదించుకుపోతుందో కర్ర దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. చెట్టును కొలిచిన క్షణంలోనే కర్రనూ కొలిచి ఉంటే 131 సెంటీమీటర్లు వచ్చేది. ఆ ఎనిమిది సెంటీమీటర్ల తేడాయే పైన మీటరంత తప్పుగా మారింది.

పదిన్నర ప్రాంతంలో కర్ర నీడ సరిగ్గా కర్ర అంతే అయింది. గ్రీకు దేశపు థేలీస్ మనిషి నీడ మనిషంత అయ్యే వేళ కోసం వేచి ఉండి ఈజిప్టు పిరమిడ్ల ఎత్తు కొలిచాడని పాత గ్రంథాలు చెబుతాయి. ఆ వేళకు లెక్కతో పనే లేదు, నీడ పొడవే ఎత్తు. ఈసారి నేను కర్ర దగ్గర, పిల్ల చెట్టు దగ్గర నిలబడి ఒకేసారి గుర్తులు పెట్టాము. 14 మీటర్ల 10 సెంటీమీటర్లు. మన వైపున మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాసిన గణిత సార సంగ్రహంలో చివరి అధ్యాయం నీడల లెక్కలదే. ఆ గ్రంథాన్ని తెలుగు చేసింది మన పావులూరి మల్లన అని చెప్పినప్పుడు పిల్ల ముఖంలో కనిపించిన సంతోషం నాకు చాలా తృప్తినిచ్చింది.

అసలు చిక్కు నీడ చివర దగ్గర వచ్చింది. కర్ర నీడ అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే, కొబ్బరి మట్టల నీడ అంచు జానెడు మేర మసకగా పరుచుకుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. ఆ బింబంలో కొంత భాగం కనబడి కొంత మరుగుపడే చోటల్లా నీడ పలచబడుతుంది, పైగా అడ్డు ఎంత ఎత్తున ఉంటే మసక అంత విస్తరిస్తుంది. ఆకుల సందుల గుండా నేల మీద పడిన గుండ్రటి వెలుగు మచ్చలు కూడా ఆ బింబపు రూపాలేనని చెప్పి, అరచేతిలో ఒకటి పట్టి చూపించాను. నీడలో అన్నిటికంటే దూరాన పడిన కొస వాలిన మట్టదే కావచ్చు కనుక, దాన్ని వదిలి, చెట్టు తలన లేత ఆకులు పుట్టే మొవ్వు నీడ ముద్దగా పడిన చోటునే లెక్కలోకి తీసుకున్నాము.

మా ఊళ్ళో ఈ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకు వచ్చేది 12 గంటల 12 నిమిషాలకు. ఆ సమయానికి అటూ ఇటూ పది నిమిషాల్లో కర్ర నీడ పావు సెంటీమీటరు కూడా మారదు కనుక తొందరపడవలసిన పని లేదు. కర్ర నీడ 76 సెంటీమీటర్లు, చెట్టు నీడ 10 మీటర్ల 65 సెంటీమీటర్లు. ఎత్తు 14 మీటర్లు. మే మొదటి వారంలో అయితే మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదే ఉండి, కర్రకు నీడే పడదు, కొలవడానికీ ఏమీ ఉండదు.

భోజనాల దగ్గర అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. మొవ్వు వరకే 14 మీటర్లు, గోడ దూరం పన్నెండున్నర, కాబట్టి ఇటు పడితే వంటింటి మీదే పడుతుంది. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, వచ్చే వారం కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చే ఆయన చేత మొవ్వు దగ్గర నుంచి పురికొస కిందికి వదిలించి మళ్ళీ కొలిపిస్తానని, అప్పటిదాకా కొట్టించే మాట ఎత్తవద్దని చెప్పి, పురికొస ఉండను మరిచిపోకుండా వాకిట్లో గూట్లో పెట్టింది.